ఓరచూపు తెలిసిన కిటికీ

శాన్‌ఫ్రాన్సిస్కోలో మేము ఆరేళ్లపాటు అద్దెకున్న ఇల్లు 1908లో కట్టిన ఒక చెక్క భవనంలో ఉండేది. నేలమీద కార్లు పెట్టుకునే గ్యారేజీ, దానిమీద మూడంతస్తులు, అంతస్తుకు రెండు చొప్పున ఆరు కాపురాలు. మాది మధ్య అంతస్తులో వీధివైపు భాగం. హాల్లో ఉత్తరపు గోడ తిన్నగా సాగకుండా, నడుమ మూడడుగుల మేర వీధిలోకి పొడుచుకు వెళ్లి, మూడు ముఖాలుగా తిరిగి మళ్లీ గోడలో కలిసేది. ఎదురుగా ఒక వెడల్పాటి అద్దం, దానికి రెండు పక్కలా ఏటవాలుగా రెండు సన్నటి అద్దాలు, వాటి కింద మోకాలి ఎత్తున ఒక చెక్క బల్ల. దాన్నే బే విండో అంటారు. అమ్మ గుంటూరునుంచి వచ్చి మా దగ్గర ఐదు నెలలున్నప్పుడు, వచ్చిన మూడో రోజునే చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని ఆ బల్లమీద కూర్చుని, "అమ్మాయ్, ఇది మేడమీద అరుగే" అన్నది. ఇంట్లోనే ఉంటూ వీధిలో ఉన్నట్టుగా, వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ చూస్తూ పని చేసుకునే చోటు ఆమెకు అరుగే మరి. వాస్తుశిల్పం చదివినవాళ్లు ఇచ్చిన నిర్వచనాలు తరువాత చాలానే చూశాను గాని, ఆ కిటికీ చేసే పనిని అంత సూటిగా చెప్పిన మాట నాకు మరొకటి కనబడలేదు.

ఇప్పుడు గుంటూరులో ఇల్లు కట్టుకుంటూ అటువంటి కిటికీ ఒకటి పెట్టుకుంటున్నాం. ఈ మధ్య మన అపార్టుమెంట్ల ప్రకటనల్లో బే విండో అనే మాట తరచుగా కనబడుతున్నది కనుక, దాన్ని గురించి నాకు తెలిసిందీ, ఇక్కడికి తెచ్చేటప్పుడు తెలుసుకున్నదీ వివరంగా రాయాలనిపించింది.

ముందుగా పేరు సంగతి. సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఊళ్లో, బే ఏరియా అని పిలుచుకునే ప్రాంతంలో ఈ కిటికీలు ఇన్ని ఉండటంచేత, మనవాళ్లలో చాలామంది ఆ పాయ పేరే కిటికీకి వచ్చిందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి రెండు మాటలూ పాత ఫ్రెంచి భాషనుంచే ఇంగ్లిషులోకి వచ్చినా వాటి మూలాలు వేరు. కిటికీ పేరులోని మాటకు నోరు తెరుచుకున్నట్టుండే ఖాళీ అని అర్థం. మన భాషలో దీనికి ప్రత్యేకమైన పేరు లేదు. అయితే సంస్కృతంనుంచి మనకు వచ్చిన గవాక్షం అనే మాటకు ఆవు కన్ను అని అర్థం. ఇంగ్లిషువాళ్ల విండో కూడా ఉత్తర ఐరోపాలోని పాత నార్స్ భాషలో గాలి, కన్ను అనే అర్థమిచ్చే రెండు మాటలు కలిసి ఏర్పడినదే. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల జనం కిటికీని ఇంటికి కన్నుగానే చూశారు. ఆ వరసలో ఆలోచిస్తే, గోడలో తిన్నగా అమర్చిన కిటికీ ఎదురుగా ఉన్నదాన్ని మాత్రమే చూడగల కన్ను. బే విండో ఓరచూపు తెలిసిన కన్ను. దాని విలువంతా ఆ పక్క అద్దాలలోనే ఉన్నదన్నది నా గట్టి నమ్మకం, దానికి కారణం ఆ ఊరి స్థలాల కొలతల్లో దొరుకుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో పాత బ్లాకులు చాలావాటిని వర అనే స్పానిష్ కొలతతో కొలిచి విడదీశారు. ఒక వర 33 అంగుళాలు. 50 వరల చదరం అంటే పక్కకు 137 అడుగుల 6 అంగుళాలు. ఊరు పెరిగేకొద్దీ ఆ పెద్ద ముక్కలను వీధివైపు 25 అడుగుల ముఖం మాత్రమే ఉండే సన్నటి స్థలాలుగా కోసి అమ్మారు. 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు ఉన్న స్థలం మన లెక్కలో సుమారు 278 గజాలు. అది చిన్న స్థలమేమీ కాదు, కాని దాని ఆకారం రైలుపెట్టె ఆకారం. దానిమీద రెండు పక్కలా హద్దు గోడలదాకా ఇల్లు కడితే, పక్క ఇంటి గోడ మన గోడకు ఆనుకునే ఉంటుంది కనుక పక్కలనుంచి వెలుతురు రాదు. ఇంటికి ముందు ఒక ముఖం, వెనుక ఒక ముఖం, అంతే. అందులోనూ అది వేసవిలో సైతం పసిఫిక్ మీదుగా పొగమంచు వచ్చి మీదపడే ఊరు. జూలై నెలలో మధ్యాహ్నం మూడింటికి స్వెటరు వేసుకోవలసి వచ్చే ఆ ఊళ్లో ఎండ అపురూపమైన వస్తువు. అలాంటిచోట ఉన్న ఒక్క ముఖాన్నీ ముందుకు లాగి, విరిచి, మూడు దిక్కులకు తిప్పడం తప్ప ఇల్లు కట్టేవాడికి మరో దారి లేదు.

ఆ తిప్పడంవల్ల ఏమి కలిసి వస్తుందో ఒకరోజు కాగితంమీద లెక్క వేసి చూశాను. ఆ నగర ప్రణాళికా నియమావళిలోని 136వ సెక్షన్ ప్రకారం, వీధిమీదికి వచ్చే బే విండో గోడ దగ్గర 15 అడుగుల వెడల్పును మించకూడదు. అక్కడినుంచి 45 డిగ్రీల కోణంలో రెండు పక్కలా లోపలికి తగ్గుతూ, 3 అడుగుల దూరంలో 9 అడుగులకు చేరాలి. అంటే ఏటవాలు పక్కలు ఒక్కొక్కటీ సుమారు 4 అడుగుల 3 అంగుళాలు. మూడు ముఖాలూ కలిపితే పదిహేడున్నర అడుగులు. తిన్నటి గోడ అయితే 15 అడుగుల వెడల్పున అద్దం పెట్టుకోవచ్చు; ఇంత శ్రమపడి గోడను విరిచినందుకు అదనంగా వచ్చింది రెండున్నర అడుగులే! మొదటిసారి ఈ అంకె చూసినప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకున్నాను. తప్పు లేదు. బే విండో ఇచ్చే లాభం అద్దం కొలతలో లేదు, అద్దం తిరిగిన దిక్కులో ఉంది. మా హాలు గోడ ఉత్తరానికి తిరిగి ఉండేది; అది తిన్నటి గోడే అయివుంటే ఏడాదిలో ఎక్కువ భాగం ఆ గదికి నేరుగా ఎండ తగిలేది కాదు. కాని జూన్‌లో అక్కడ సూర్యుడు పడమరకు 30 డిగ్రీలు ఉత్తరంగా అస్తమిస్తాడు, మా వాయవ్యపు అద్దం దాదాపు అటే చూస్తూ ఉండేది. పొగమంచు కమ్మని సాయంత్రాల్లో ఏడింటినుంచి ఎనిమిదిన్నరదాకా ఆ ఒక్క సన్నటి అద్దంలోంచి వచ్చే ఎండ గదిని దాటి వంటింటి గుమ్మందాకా పాకేది. ఆ గంటన్నర కోసం మేము రోజంతా ఎదురుచూసేవాళ్లం.

ఇక లోపల కలిసి వచ్చే స్థలం 36 చదరపు అడుగులు, అంటే కచ్చితంగా నాలుగు గజాలు. మూడంతస్తులకు పన్నెండు గజాలు. ఆ పన్నెండు గజాలూ ఇంటివాడి స్థలంలో లేవు, కాలిబాటకు పైన గాలిలో ఉన్నాయి. మన ఊళ్లలో వీధిలోకి రెండు మెట్లు జరిపితేనే తగవులవుతాయి కనుక, ఒక నగరం తన వీధిమీది గాలిని ఇలా పౌరులకు వాడుకోనివ్వడం నాకు ఎంతో ఆశ్చర్యమనిపించింది. అయితే ఇచ్చినదానికి షరతులున్నాయి, ఆ షరతులను చదివినకొద్దీ వాటిని రాసినవాళ్లమీద నాకు గౌరవం పెరిగింది. కిటికీ అడుగుభాగానికీ కాలిబాటకూ మధ్య కనీసం ఏడున్నర అడుగుల ఎత్తు ఉండాలి, నడిచేవాడి తలకు ఏమీ తగలకూడదు. కాలిబాట వెడల్పు 9 అడుగులో, అంతకంటే తక్కువో అయితే 3 అడుగులు కాదు, 2 అడుగులే ముందుకు రావాలి. బయటికి వచ్చిన నిలువు ముఖాల మొత్తంలో సగానికి తగ్గకుండా అద్దమే ఉండాలి. అందులోనూ కనీసం మూడో వంతు అద్దం పక్కకు తిరిగిన ముఖాలమీద ఉండాలి. పక్కపక్కన ఉన్న రెండు బే విండోల మధ్య గోడ దగ్గర 2 అడుగుల ఎడం ఉంటే చాలు గాని, 3 అడుగులు ముందుకు వచ్చేసరికి ఆ ఎడం 8 అడుగులు కావాలి. ఈ చివరి రెండు షరతులనూ కలిపి చూడండి: వీధిమీది గాలిని గదిగా మార్చుకుని గోడ కట్టేసుకోవడానికి వీలులేదు, వెలుతురు కోసమే వాడుకోవాలి, ఆ వెలుతురు పక్కింటివాడికి అడ్డం కాకూడదు. 45 డిగ్రీల కోణం అందం కోసం పుట్టిందని అంతవరకు అనుకునేదాన్ని. ఇరుగుపొరుగు ఇద్దరికీ న్యాయం చేసే కోణం అది.

వీటి చరిత్రను ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను. 1870లలో ఇటాలియనేట్ అనే శైలి ఇళ్లలో ఏటవాలు పక్కలున్న కిటికీలు వచ్చాయి. 1880లలో స్టిక్ శైలిలో పక్కలు గోడకు లంబంగా తిరిగి పెట్టెలా మారాయి. 1890లలో క్వీన్ ఆన్ శైలిలో అవి గుండ్రటి బురుజులుగా కూడా తేలాయి. ఉత్తర తీరపు అడవుల రెడ్‌వుడ్ కలప చవకగా దొరకడం, మిల్లులలో యంత్రాలమీద చెక్క నగిషీలు గుట్టలుగా తయారుకావడం వాటికి కలిసి వచ్చాయి. 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున వచ్చిన భూకంపం, దాని వెంట రేగిన మంటలు సుమారు 28 వేల భవనాలను తుడిచిపెట్టాయి. మంట వ్యాన్‌నెస్ అవెన్యూ దగ్గర చాలావరకు ఆగింది కనుక దానికి పడమటనున్న పాత ఇళ్లు మిగిలాయి. కాలిపోయినచోట మళ్లీ కట్టినప్పుడు నగిషీలు తగ్గాయి గాని బే విండోను మాత్రం ఎవరూ వదులుకోలేదు. మనవాళ్ల తల్లిదండ్రులు అమెరికా వచ్చినప్పుడు తప్పకుండా ఫొటో దిగే అలమో స్క్వేర్ అనే పార్కు ఎదుటి రంగుల ఇళ్లు 1892కూ 1896కూ మధ్య మాథ్యూ కవనా అనే బిల్డరు కట్టినవి. అక్కడికి వెళ్లినప్పుడు రంగులనే కాకుండా, ఏటవాలు వీధిలో ఒక్కొక్క ఇల్లూ పక్కదానికంటే కాస్త దిగువన నిలబడి, ప్రతి కిటికీ తన పక్క అద్దంతో పొరుగింటి భుజంమీదుగా వీధిని చూడటం గమనించండి.

అలవాటు ఎంత బలమైనదో చెప్పడానికి డౌన్‌టౌన్‌లోని రెండు ఎత్తయిన భవనాలు చాలు. తిమోతీ ఫ్లూగర్ రూపకల్పన చేయగా 1929లో పూర్తయిన 450 సట్టర్ వీధి భవనం గోడ పైనుంచి కిందిదాకా మడతలు మడతలుగా ఉంటుంది. 1969లో పూర్తయిన 52 అంతస్తుల 555 కాలిఫోర్నియా వీధి భవనం ముదురు రాతి ముఖమంతా కోణాలుగా విరిచిన కిటికీలతో నిండి ఉంటుంది. ఇనుపచట్రంతో కట్టిన ఆకాశహర్మ్యానికి 25 అడుగుల స్థలపు ఇబ్బంది ఏమీ లేదు. అయినా ఆ ఊళ్లో కిటికీ అంటే ముందుకు రావాలి.

ముందుకు వచ్చినదాన్ని నిలబెట్టడం, కాపాడటం మాత్రం తేలిక కాదు. చెక్క ఇంట్లో నేలను మోసే దూలాలనే గోడ దాటించి బయటికి పంపి, వాటిమీద కిటికీని కూర్చోబెడతారు. బయటికి వచ్చిన పొడవుకు రెండు మూడు రెట్లయినా దూలం లోపల ఉండి, ఇంటి బరువు దాన్ని అణిచిపట్టాలి. తక్కెడలో ఒక పళ్లెం బయట, ఒక పళ్లెం లోపల ఉన్నట్టన్నమాట. అలా గాలిలో నిలిచినదాన్ని వాస్తుశిల్పులు ఓరియల్ అని వేరుగా పిలుస్తారు గాని వాడుకలో అన్నీ బే విండోలే. ఇబ్బంది వచ్చేది ఎక్కువగా కప్పు దగ్గరే. ఆ చిన్న కప్పు ఇంటి గోడకు ఆనుకునే గీత వెంబడి రేకును గోడ పలకల కిందికి దోపి వాన నీటిని బయటికి మళ్లించాలి. మా భవనంలో పైవాళ్ల కిటికీ కప్పు దగ్గర ఆ రేకు ఎప్పుడో చిట్లిపోయి ఉండగా, యజమాని పంపిన పనివాడు రేకు మార్చకుండా పైపైన జిగురు పూసి వెళ్లాడు. రెండు శీతాకాలాలు నీళ్లు లోపలికి దిగి, మా కిటికీ ఈశాన్యపు మూలనున్న నిలువు దుంగ వేలితో నొక్కితే పొడి రాలేంతగా కుళ్లిపోయింది. దాన్ని విప్పి మార్చిన ముసలి వడ్రంగి, ఊడదీసినప్పుడు పక్క అద్దం చట్రం లోపల తాడుకు వేలాడే ఇనుప గుండును నాకు చూపించాడు. పైకీ కిందికీ జరిగే ఆ అద్దాల బరువును తూచి నిలబెట్టేది ఆ గుండే. పై అద్దాన్ని కొద్దిగా దించి, కింది అద్దాన్ని కొద్దిగా ఎత్తితే, వెచ్చటి గాలి పైనుంచి పోయి చల్లటి గాలి కిందనుంచి వస్తుందనీ, అందుకే తెరుచుకునే అద్దాలు పక్కల ఉన్నాయనీ చెప్పాడు. నాలుగేళ్లు ఆ కిటికీ పక్కనే కూర్చున్నా ఆ సంగతి నాకు తెలియలేదు.

భూకంపం భయం వేరు. 1989 అక్టోబరు 17న వచ్చిన భూకంపంలో ఆ ఊళ్లోని మరీనా ప్రాంతంలో గ్యారేజీలమీద కట్టిన ఇళ్లు కిందికి కుంగిపోయాయి; తలుపులకోసం కింది గోడలను ఖాళీ చేయడం అందుకు ఒక ముఖ్య కారణం. 1978కి ముందు అనుమతి పొంది, మూడంతస్తులకు తగ్గకుండా, ఐదు కాపురాలకు తగ్గకుండా ఉన్న చెక్క భవనాలను పరీక్షించి బలపరచాలని 2013లో నగరం చట్టం చేసింది. మా గ్యారేజీలో ఉక్కు చట్రం అలా వచ్చిందే. దానివల్ల ఒక కారు చోటు పోయింది, పైనున్న మూడు కిటికీలు మాత్రం కదలకుండా నిలిచాయి.

ముందుకు వచ్చే కిటికీ మన దేశానికి కొత్తది కాదని ఎవరైనా గుర్తు చేస్తారు, నిజమే. జైపూర్‌లో సవాయి ప్రతాప్‌సింగ్ 1799లో కట్టించిన హవామహల్ ముఖంమీద 953 చిన్న కిటికీలున్నాయి. అయితే రాజస్థాన్‌లో ఝరోఖా అని పిలిచే ఇటువంటి కిటికీ పరిష్కరించిన ప్రశ్న వేరు. అక్కడ ఎండ కావలసినదానికంటే ఎక్కువే ఉంది. ఆ ఎండను జాలీ అనే చిల్లుల తెరతో తగ్గించి, గాలిని మాత్రం లోపలికి రానిస్తూ, అంతఃపుర స్త్రీలు తాము కనబడకుండా వీధిని చూడటానికి ఝరోఖాను కట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కో కిటికీ వెలుతురును పట్టే వల, ఝరోఖా వెలుతురును వడకట్టే జల్లెడ. పక్కకు చూడాలన్న కోరిక ఒక్కటే రెంటికీ ఉమ్మడి. గుంటూరులో నాకు కావలసింది ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉన్నదని ఇల్లు మొదలుపెట్టాకగాని అర్థంకాలేదు.

మా స్థలానికి ఉత్తరాన రోడ్డు. సెట్‌బ్యాక్‌లోకి, అంటే హద్దుకూ ఇంటికీ మధ్య ఖాళీగా వదలవలసిన చోటులోకి, గదిని తీసుకువెళ్లవద్దని ఇంజనీరుగారు మొదటే చెప్పారు కనుక, కిటికీని ముందుకు జరపకుండా మేడమీది గది గోడనే వెనక్కి జరిపాం. నాలుగు గజాలు వీధినుంచి రావలసింది మా గదిలోంచే పోయింది. కిటికీ గోడకు తూర్పు కొసన ఉంటే ఈశాన్యం పెరిగినట్టుంటుందని మా పెదనాన్నగారు సంతోషించారు. నా ఆలోచనంతా వాయవ్యపు అద్దం మీదనే. గుంటూరులో జూన్ నెల సూర్యుడు పడమరకు సుమారు 24 డిగ్రీలు ఉత్తరంగా అస్తమిస్తాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏ కిరణం కోసం ఎదురుచూశామో, ఇక్కడ మే నెలలో అదే కిరణం అదే అద్దంలోంచి వచ్చి గదిని పొయ్యి చేస్తుంది. మన ఎండకు భయపడే కాబోలు, హైదరాబాదులో మా చెల్లెలు కొన్న ఫ్లాటులో బిల్డరు బే విండో అని చెప్పినదానికి రెండు పక్కలా గోడే కట్టి, ఎదురుగా మాత్రం అద్దం పెట్టాడు. దాని మొదట్లో, గది గోడ వరసలో, తిన్నగా ఇనుప గ్రిల్ బిగించాడు. బల్లమీద కూర్చోవాలంటే గ్రిల్ అడ్డం, పక్కకు చూడాలంటే గోడ అడ్డం. ఆమె అందులో ఇస్త్రీ చేయవలసిన బట్టలు పెట్టుకుంటున్నది. ఓరచూపు లేనప్పుడు ఆ కట్టడానికి పెట్టిన సిమెంటంతా వృథాయే.

కాంక్రీటులో ఇది కట్టుకోదలచినవాళ్లకు ఒక్క హెచ్చరిక చేయకుండా ఉండలేను. గోడ దాటి గాలిలో నిలిచే స్లాబులో లాగుడు పైభాగాన పడుతుంది కనుక ముఖ్యమైన చువ్వలు పైభాగాన ఉండాలి, అవి లోపలి స్లాబులోకి చాలినంత దూరం వెళ్లాలి. మామూలు గదుల స్లాబుల్లో నడుమ భాగాన చువ్వలు కింద ఉండే అలవాటు వల్ల ఇక్కడా కిందనే కట్టేస్తారు. పైన కట్టినా కాంక్రీటు పోసేటప్పుడు పనివాళ్లు వాటిమీద నడిస్తే కిందికి అణిగిపోతాయి. మా మేస్త్రి చువ్వల కింద వాటిని ఎత్తిపట్టే, కుర్చీలని పిలిచే ఇనుప ముక్కలు పెట్టి, నడవడానికి చెక్కలు వేయించి, పోత పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. స్లాబు అంచు అడుగున వాన నీరు వెనక్కి పాకకుండా గాడి తీయించాం. మా స్లాబు నాలుగు వారాలు దాటాకే సెంట్రింగ్ తీశారు. గ్రిల్‌ను కూడా కిటికీతోపాటు మూడు ముఖాలుగా విరిచి బయటివైపున బిగించమని వెల్డరుకు అట్ట ముక్కమీద కోణం గీసి ఇచ్చాను.

వాయవ్యపు అద్దం మాటకు వస్తే, దాన్ని మూసి గోడ కట్టడమే మేలని ఇంజనీరుగారు చివరిదాకా అన్నారు, ఎండ లెక్క ప్రకారం ఆయన అన్నది సబబే. కాని ఒక సాయంత్రం అమ్మను నెమ్మదిగా మేడమీదికి తీసుకువెళ్లి, ఇంకా చట్రం పెట్టని ఆ ఖాళీలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆమె తూర్పువైపు ఒకసారి చూసి, తరువాత పడమటివైపు వంగి, "బస్సు దిగి మలుపు తిరిగేవాళ్లు ఇక్కడినుంచే కనబడతారు" అన్నది. అద్దం ఉంచాం. దానికి బయట పైనుంచి కిందికి జారే వట్టివేళ్ల తడికె కట్టిస్తున్నాం. వేసవిలో నాలుగింటికి దించి తడపాలి, ఎండ వాలాక ఎత్తాలి. తాడు అమ్మ కూర్చునే బల్ల పక్కనే, ఆమె చేతికి అందేలా వస్తుంది.